కట్టు కోసిన చిలపలు

డిగ్రీ ఇంగ్లీషులో రెండుసార్లు తప్పినాక మా అమ్మ నన్ను మిద్దె మీద బాడుగకుండే టీచరమ్మ దగ్గర కూర్చోబెట్టింది. ఆమెది జమ్మలమడుగు. మిషన్ బడిలో చెప్పి చెప్పి రిటైరయి, మా ప్రొద్దుటూరు చేరింది. మొదటి వారమే ఆరు మాటలిచ్చి, ఒక్కోదానికి మా ఇంటి వాడుకలో నుంచి ఒక వాక్యం రాసుకు రమ్మంది. అన్‌టై, అన్‌వైండ్, అన్‌కాయిల్, అన్‌పిక్, అన్‌రావెల్, అన్‌టాంగిల్.

నేను దారాల అంగట్లో పుట్టినదాన్ని. బేరమాడకుండా దేన్నీ తీసుకోను. విప్పడం, చిక్కు తీయడం అని మాకు రెండు మాటలున్నాయి, వాటితోనే మూడు తరాలు వ్యాపారం చేసినాం, ఆరెందుకు, మూడుకు తెగ్గొట్టండి అన్నాను. ఆమె నవ్వలేదు.

"సూది కొనేటోళ్ళకు గడ్డపార అమ్ముతారా మీ అంగట్లో?" అనింది.

అమ్మగలనని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

రాసుకుపోయినాను. మూట ముడి విప్పితే అన్‌టై. రీలు నుంచి దారం తీస్తే అన్‌వైండ్. చుట్టగా పెట్టిన బోరు పైపును తోటలో పరిస్తే అన్‌కాయిల్. టైలరు తప్పు కుట్టు ఊడదీస్తే అన్‌పిక్. స్వెటర్ అంచున పోగు జారి దానంతట అదే ఊడిపోతాంటే అన్‌రావెల్. అన్‌టాంగిల్‌కు మాత్రం మా వీధి కరెంటు స్తంభాన్ని రాసినాను. ఎలక్షన్లప్పుడు రెండు పార్టీలోళ్ళూ దానికే జెండాల తోరణాలు కట్టినారు. గాలికి రెండూ పెనవేసుకున్నాయి. ఒకరిది తీయబోయి ఇంకొకరిదాని మీద చెయ్యి పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు గనక ఎవరూ ముట్టలేదు. లైన్‌మన్ కూడా నిచ్చెనను పక్క స్తంభానికే వేసేవాడు. టీచరమ్మ ఆ వాక్యం కింద గీత గీసి, మేలు అని రాసింది.

ఆ వారమే జమ్మలమడుగు పోయే దావలో ఒక ఊర్లో బాంబులు పడినాయి. బస్సులు ఆగిపోయినాయి. మా దగ్గర ఎప్పుడూ దారాలు కొనే నేతపని అక్క ఒకామె, మగ్గమూ పట్టూ ఇచ్చి నేయించుకునే సావుకారు ఇంటి నుంచి రంగు పట్టు మూట తీసుకుని బస్టాండుకు వచ్చి అట్లే నిలబడిపోయింది. ఆమె ఊరు కూడా ఆ దావలోదే. గొడవలకు మగోళ్ళంతా ఎటోళ్ళు అటు పోయినారు. ఆమె మొగుడు పులివెందుల పక్క చీనీ తోటలో కావలి ఉన్నాడు. ఇల్లు ఆమె మగ్గం మీదే నడుస్తాండేది.

"ఈ పట్టుకు ఏమన్నా అయితే సావుకారు మగ్గం పీక్కపోయి ఇంకొకరికిస్తాడు. బద్రం పాపా," అని మూటను మా అంగట్లో బల్ల కింద పెట్టి, ఊర్లోనే ఉన్న చుట్టాలింటికి పోయింది.

మరుసటి రోజు బంద్. బంద్ అంటే మాకు షటర్ సగం దించి అమ్మడం. వంగి లోపలికొచ్చిన గిరాకీ ఒకామె మంచి వంకాయ రంగు దారం అడిగింది. మా దగ్గర లేదు. లేదని చెప్పడం మా ఇంటావంటా లేదు. రేపు తెప్పిస్తాను, రంగు ఇదిగో ఇట్లుంటుంది అని బల్ల కింది మూట తీసినాను. కట్టిన సరుకును కట్టినట్టే చూపితే గిరాకీ నమ్మదని మా అంగళ్ళలో ఒక పట్టింపు. విప్పిన సరుకు సగం అమ్మినట్టే అంటాడు మా నాయన. మూటలో ఉండేవి పట్టు చిలపలు. చిలప అంటే వలయంగా చుట్టి, అక్కడక్కడా కట్టు దారం వేసిన పోగు. కత్తెర తీసి ఆ కట్లు కోసి పరిచినాను. లోపల కూడా ఇదే రంగా అని ఆమె అనుమానపడితే రెండోదీ, మూడోదీ కోసినాను. రేపొస్తానని పోయింది. రాలేదు.

ఆ కట్టును నేను పొట్లానికి చుట్టిన పురికొస లాంటిదనుకున్నాను. చిలపలో పోగుల వరస తప్పకుండా పట్టుకునుండేది అదేనని, దారాలమ్మే ఇంట్లో పుట్టి కూడా, నాకు తెలియదు. మళ్ళీ చుట్టబోతే పోగులు ఒకదాంట్లో ఒకటి దూరినాయి. లాగితే ఇంకా బిగుసుకున్నాయి.

సాయంత్రం అక్క వచ్చింది. చూసి కేకలేయలేదు. కట్టు యాడుందని మాత్రం అడిగింది. నేను నాకొచ్చిన విద్య మొదలుపెట్టినాను. మూడుకు నాలుగు చిలపలు కొత్త పట్టు తెప్పించిస్తా అన్నాను. ఐదు అన్నాను. రంగు కూడా వేయించిస్తా అన్నాను.

"పదిచ్చినా లాభం లేదు. ఈ కాగులో ముంచిన రంగు ఇంకో కాగులో రాదు పాపా. చీరలో గీత పడతాది. ఆ గీత సావుకారుకు వాకిట్లో నుంచే కనపడతాది."

అక్కడితో నా బేరం అయిపోయింది. ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, రెండు చేతులూ చాపమని, మణికట్లకు చిలప తగిలించింది. ముడి కనిపించినచోట లాగలేదు. వేళ్ళు లోపల పెట్టి వెడల్పు చేసింది, విదిలించింది, మళ్ళీ వెడల్పు చేసింది. మధ్యలో టీచరమ్మ దిగివచ్చి శానాసేపు చూసి, దీన్నేమంటారని నన్నడిగింది. అన్‌టాంగిల్ అన్నాను. అది ఆమె చేసే పని, నువ్వు చేసిన పనేది అనింది. అన్‌టై అన్నాను. టీచరమ్మ తల ఊపి, తానూ ఒక చిలప ముందేసుకుని కూర్చుంది. పది నిమిషాలకు అక్క దాన్ని మర్యాదగా తీసేసుకుంది.

ఒకటి ఆ పొద్దే అయింది. రెండోది మరుసటి రోజు పదింటికి. మూడోది సగంలో ఉండగా, పోలీసు బందోబస్తుతో ఒక బస్సు జమ్మలమడుగుకు పోతాందని బస్టాండులో అరిచినారు. మళ్ళీ ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు. పో అక్కా, మిగిలింది నేను తీసి పంపిస్తా అన్నాను.

"నువ్వు తీస్తావా," అని నా పక్క ఒకసారి చూసి, "చేతులు కదపొద్దు," అనింది.

బస్సు పోయింది.

మధ్యాహ్నానికి పిడికిలంత ఉండ మిగిలింది. దాన్ని ఆమే పంటితో కొరికి తీసేసి, తెగిన కొసలు రెండూ బొటనవేలి మీద పెట్టి, బూడిద అద్ది మెలితిప్పింది. అతుకు ఎక్కడుందో నాకు కనపడలేదు. సాయంత్రం ఎర్రగుంట్ల మీదుగా చుట్టు తిరిగి ఏదో లారీలో పోయింది.

నెల తిరిగినాక వచ్చింది. చీరలు మగ్గం దిగినాయంట. ఆ ఉండ పోయినందుకు చివరి చీరకు రవిక గుడ్డ జానెడు తక్కువైతే సావుకారు కొలిచి చూసి, నాలుగు మాటలని ఊరుకున్నాడంట. మగ్గం ఆమె దగ్గరే ఉంది. మా దగ్గర తెల్ల దారం రెండు రీళ్ళు కొని, అర్ధరూపాయి తగ్గించమంది. తగ్గించినాను. చంకలో కొత్త పట్టు మూట ఉంది. బజారులో ఇంకా పనుందంటే, ఈడ పెట్టిపో అక్కా అన్నాను.

పట్టుకు చెమ్మ పడదని నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా ఆ మూటను తీసుకుపోయి పక్కనే చెమ్మ ఊరే ఉప్పంగట్లో పెట్టి, బజారుకు పోయింది.