వదులైన కండె

నా చేతిరాత కుదురుగా ఉండదు, అక్షరాల తప్పులూ దొర్లుతాయి. సర్దుకుని చదవండి. మా పక్కింటి సైన్సు సారు మొన్న ఆదివారం పొద్దున పోయారు. సూరత్ తెలుగు బడిలో ఆయన పాఠం విన్న మీ అందరికీ తెలియాలని రాస్తున్నాను.

నేను మగ్గం మనిషిని. ఊళ్ళో ఐదో తరగతి చదివి సూరత్ వచ్చి, ఇక్కడి ఖటోదరా పేటలో పవర్‌లూమ్‌ల మధ్యే ముసలివాణ్ణయ్యాను. ఆ చప్పుడులో మాటలతో పని పడదు. సారు మాత్రం మాటల మనిషి. రిటైరయ్యాక సాయంత్రాలు మా గడప ముందు కుర్చీ వేసుకుని, సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ నాకూ పాఠం చెప్పేవారు.

ఒకసారి నా చేతిలోంచి నూలు కండె తీసుకున్నారు.

"అన్నా, మన ఒంట్ల ప్రతి కణంల డీఎన్ఏ అని సన్నటి పోగుంటది. సాగదీస్తే నీకంటె పొడుగు. కంటికి కానరాని కణంల ఎట్ల పడుతది చెప్పు?"

"చుట్టాలె."

"శభాష్! హిస్టోన్లని ప్రొటీన్లుంటయి. చిన్న చిన్న కండెలనుకో. వాటికి చుట్టుకుంటది."

"గట్టిగ చుట్టాలె సారూ. వదులైతే మగ్గం నాడెల చిక్కుపడ్తది."

సారు పకపకా నవ్వారు. "గాడనే తప్పినవ్! గట్టిగ చుట్టిన కాడ జన్యువును చదివే యంత్రం దూరనే దూరది. జర వదులైన కాడ చదివి నకలు తీస్కుంటది. గా నకలును బట్టే కణం పని జేస్తది. కంటి కణంల, లివర్ కణంల ఒక్కటే రాత. ఏది విప్పిర్రు, ఏది చుట్టిపెట్టిర్రు, గదే తేడా."

బతుకంతా బిగువైన కండెనే మెచ్చుకున్నవాణ్ణి. ఆ మాట మింగుడుపడలేదు. అప్పటినుంచి నేను ఊరకే కూర్చుంటే చాలు, "ఏందన్నా, మళ్ళ బిగుసుకున్నవ్? లోపల రాత మస్తున్నది, చదవనియ్యవు" అనేవారు. డుమస్ బీచ్‌లో టమాటా భజియా తింటూ కూడా అదే ఎగతాళి. నేను నవ్వి సముద్రం వైపు చూసేవాణ్ణి.

పోయిన వానాకాలం పక్షవాతంతో సారు మాట పడిపోయింది. రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. ఆయన మాట్లాడలేరు, నాకు మాట రాదు.

"అన్నా, ఆయనకు అన్నీ సమజైతయి" అన్నారు వాళ్ళావిడ. "ఎక్కువ రోజులుండడని డాక్టర్ చెప్పిండు. గిట్ల సప్పుడు లేకుండనే పంపుదమా? జర ఏమన్న చెప్పు."

జేబులో కండె ఉంది. ఆయన అరచేతిలో పెట్టి, కొస పట్టుకుని మెల్లగా లాగాను. పోగుతోపాటు మాటా వచ్చింది. మా అమ్మ రాట్నం తిప్పుతూ కునికిపాట్లు పడటం. భాష తెలియక సూరత్ స్టేషన్‌లో బిక్కమొహం వేసుకుని నిలబడటం. మా ఆవిడ పోయినప్పుడు కన్నీరు రాలేదన్నారందరూ. మగ్గం చప్పుడులో ఏడ్చాను, ఎవరికీ వినబడలేదు. ఎంతసేపు చెప్పానో, కలలో ఉన్నట్టే ఉంది. కిటికీ ఎండలో నూలు దుప్పటి మీద మెరుస్తూ పరుచుకుంది.

ఇక చాలనుకుని ఆగాను. సారు పనిచేసే చేతి వేలితో కండెను కొద్దిగా తిప్పారు. ఇంకా ఉంది, చెప్పమన్నట్టు.

చివరి రోజు దాకా చెబుతూనే ఉన్నాను.

ఆ కండె ఇప్పుడు వాళ్ళ కిటికీలో ఉంది. తాపీ నది వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా పోగు కొస లేచి, ఎవరో లాగుతున్నట్టు ఆడుతుంది. మీలో ఎవరికి సారు మాట ఏది గుర్తున్నా, ఆలస్యం చేయక ఒక ముక్క రాయండి. వాళ్ళావిడ పక్కన కూర్చుని, నేనే పైకి చదివి వినిపిస్తాను.