అత్త పెట్టిన ఇంటూ గుర్తు

ఈ రోజు పొద్దున రాయపురం చేపల మార్కెట్‌లో, చంకలో పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుని, నీళ్ళ గుంటలు దాటుకుంటూ మా మేనత్త గంప వైపు నడుస్తుంటే, రొయ్యలు ఒలుస్తున్న ఒకామె తలెత్తి, "ఏమ్మా, మీ అత్త పేరు పెట్టిన నక్షత్రం బాగుండాదా?" అని అడిగింది. బాగుందన్నాను. కాస్త జలుబు చేసిందని కూడా చెప్పాను. నోటికి అలా అలవాటైపోయింది. అది ఒట్టి నక్షత్రం కాదు, లక్షల నక్షత్రాల గుంపు అని రెండేళ్ళపాటు మార్కెట్ అంతా చాటింపు వేసిందాన్ని నేనే. అసలు అక్కడ ఏమీ లేదని మొన్న శుక్రవారం తెలిసింది.

నా ఉద్యోగం చిన్న గెలాక్సీలను వెతకడం. పెద్ద గెలాక్సీల చుట్టూ చిన్నవి తిరుగుతుంటాయి. పెళ్ళిలో ఫొటోలవాడు పెళ్ళికూతురిని తీసినట్టు అందరూ పెద్దదాన్నే చూస్తారు. దాని పక్కన, కాఫీ చుక్క పడి ఆరిపోయినట్టు, ఉందో లేదో తేలకుండా ఉండే మరక నా వంతు. ఇరవై ఏళ్ళుగా ఈ మరకలతోనే బతుకు. పోనీ మా వాళ్ళకు చూపిద్దామా అంటే, వాషర్‌మెన్‌పేట్‌లో మా మేడ మీద నుంచి కనబడేవి చందమామ, విమానాలు, ఉత్తరాన ఎన్నూరు పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు. ఆ గొట్టాల పొగ గురించి నేను పైవాళ్ళకు ఉత్తరం రాశాననీ, నా మీద గౌరవంతో ఒక గంటసేపు పొగ ఆపారనీ మా వీధిలో చెప్పాను. నమ్మారు. నన్ను నమ్మని చోటు ఒక్కటే, పెద్ద టెలిస్కోపు వాడుకునే వంతు ఎవరికివ్వాలో తేల్చే కమిటీ. నేను నిజం చెప్పేది కూడా, ఒక్క మాట తప్ప, అక్కడొక్కచోటే. ఈ లెక్క నాకు ఎప్పుడూ ఒళ్ళు మండిస్తుంది.

ఒకప్పుడు ఒక సెమినార్‌లో నేనొక ప్రశ్న అడిగితే, వేదిక మీది పెద్దాయన నా వాషర్‌మెన్‌పేట్ ఇంగ్లీషుకు చిన్నగా నవ్వి, ఆ ప్రశ్నని తన మాటల్లో తనే అడిగి, తనే జవాబు చెప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కడుపుమంటలోంచి పుట్టిందే మా ఆదివారం గుంపు. చర్చి వెనక హాల్లో, చక్రాల కుర్చీ కూడా లోపలికి రావాలని పట్టుబట్టి కింది గదే తీసుకుని, ఆకాశం ఫొటోలు బల్ల మీద పరిచేదాన్ని. హార్బర్‌లో లారీ తోలే అన్న, చెవులు వినబడని టైలరన్న, కాలేజీ పిల్లలు, ఎవరైనా రావచ్చు. ఏ భాషలోనైనా, సైగల్లోనైనా మాట్లాడవచ్చు. మరక నిజమనిపిస్తే నోటుబుక్కులో సున్నా చుట్టాలి, కాదనిపిస్తే ఇంటూ గుర్తు పెట్టాలి. ఒక్క ఇంటూ పడినా సరే, దాన్ని మళ్ళీ పరీక్షించకుండా బయటికి పంపకూడదు. ఎవరి గుర్తూ ఎవరి గుర్తుకన్నా చిన్నది కాదు. ఈ చట్టం నేనే చేశాను. చేసిన రోజు నా మీద నాకే ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

మా మేనత్త నాకు క్యారేజీలో చేపల పులుసు తెచ్చిస్తూ ఆ గుంపులో కలిసిపోయింది. ఒక ఆదివారం నేను ప్రాణంలా చూసుకుంటున్న మరక బల్ల మీదికి వచ్చింది. అందరూ వరసగా సున్నాలు చుట్టారు. అత్త అదే చోటుని వేరువేరు రాత్రుల్లో తీసిన రెండు ఫొటోలు చేతికందినంత దూరంలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది బోటు కాదే," అంది.

"బోటని ఎవరన్నారత్తా?"

"పొద్దు పొడవకముందు హార్బర్‌లో చూడు. బోటు లైటు పక్కనే నీళ్ళల్లో ఇంకో లైటు ఉంటాది. కొత్తగా వచ్చినోడు ఆడ ఇంకో బోటుండాదని కేకలేస్తాడు. ఇదీ అదే. ఈడ పెద్ద చుక్కకి ఎడం పక్క మరక. ఆ ఫొటోలో పెద్ద చుక్క ఇంకో మూల పడుంటే, మరక దానికి కుడి పక్కకి దూకింది. లైటు చుట్టూ తిరిగేది బోటెట్లా అవుతాదే?"

మర్నాటితో కమిటీకి దరఖాస్తు గడువు అయిపోతుంది. మళ్ళీ పరీక్షించాలంటే నెల పడుతుంది. "అత్తా, నువ్వు ముందు కళ్ళద్దాలు మార్చుకో," అన్నాను. అందరూ నవ్వారు, ఒక్క టైలరన్న తప్ప. అత్త కాగితం చిరిగేలా నొక్కి ఇంటూ పెట్టింది.

అందరూ వెళ్ళాక, ఆ గుర్తు కింద చిన్న అక్షరాలతో "పొరపాటున పెట్టినది" అని తెలుగులో రాశాను. తెలుగులోనే ఎందుకంటే, తరాలుగా ఈ అరవ ఊళ్ళో ఉన్న మా తెలుగు ఇళ్ళల్లో చాలామంది లాగే అత్త మాట్లాడేది తెలుగు, చదివేది అరవం. తెలుగు అక్షరాలు ఆమెకు జాంగిరీ చుట్టలే. దరఖాస్తులో మాత్రం గుంపంతా ఒప్పుకుందని రాశాను. నేను జీవితంలో ఆడిన అబద్ధాల్లో నవ్వు రానిది అదొక్కటే.

తరవాతి ఆదివారం అత్త ఆ పేజీ తిరగేసి చూసి, పొయ్యి మీద పులుసుందని చెప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. అడిగితే మోకాళ్ళ నొప్పులంది. నేను ఆ గెలాక్సీకి ఆమె పేరే పెడతారని మార్కెట్‌లో చెప్పుకుంటూ తిరిగాను. కమిటీ రెండుసార్లు కాదంది. ప్రతిసారీ తిట్టుకుంటూ మళ్ళీ రాశాను. మూడోసారి ఒప్పుకుంది. పెద్ద టెలిస్కోపు తీసిన ఫొటో శుక్రవారం వచ్చింది. నా మరక ఉండాల్సిన చోట అంత శుభ్రమైన ఖాళీని నేనెప్పుడూ చూడలేదు. రెండేళ్ళు నేను మురిసిపోయింది, పక్కనున్న పెద్ద నక్షత్రం వెలుగు మా ఫొటోలు తీసిన పాత టెలిస్కోపు అద్దాల్లో పడి మెరిసిన మెరుపును చూసి.

ఇవాళ అత్త గంప ముందు కూర్చుని ఆ పేజీ తెరిచి, జరిగిందంతా చెప్పాను. ఆమె వంజరం చేప పొలుసు గీకడం ఆపలేదు.

"నాకా రాత చదవను రాదు," అంది. "ఎవురి గుర్తు కిందా లేని రాత నా గుర్తు కిందే ఎందుకొచ్చిందో తెలుసుకునేదానికి చదువు కావాల్నా?"

నేను ఆ ముక్క కొట్టేశాను.

"అది చాలదు. అరవంలో రాయి. నేను చదవాల."

అత్త చెప్పిందే నిజమని అరవంలో రాశాను. పొలుసులంటిన వేలు ఒక్కో అక్షరం కింద జరుపుతూ, పెదవులు కదుపుతూ చదివింది. ఆదివారం వస్తావా అన్నాను. "పాక్కలాం," అంది. చూద్దాం అని. "ముందు ఆ రొయ్యలామెకి పొయ్యి చెప్పు, నా పేరుతో ఆడ ఏమీ లేదని."

వెళ్ళి చెప్పాను. ఆమె పడీపడీ నవ్వి, "పోమ్మా, నువ్వెప్పుడూ ఇంతే," అంది. ఒట్టేసినా నమ్మలేదు.

కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చే వెలుగు కోసం ఓపిగ్గా కూర్చోగలనని ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పుకున్నాను. బల్లకు అవతలి వైపు నుంచి మా అత్త అన్న మాట నా దాకా రావడానికి రెండేళ్ళు పట్టింది.