గుగ్గిలం చుక్క పడ్డ రెక్క

కువాంగ్ దెషున్ మా బీజింగ్ పురుగుల బజారులో, కూత వినడానికి జనం పెంచుకునే పచ్చ కీచురాళ్ళు అమ్ముతాడు. పక్కనే నా కొట్టు, ఎండు సొరబుర్రలు అమ్ముతాను. చలికాలమంతా ఆయన పురుగులు నా బుర్రల్లో, ఆ బుర్రలు ఆయన కోటు లోపల వెచ్చగా ఉంటాయి. ఆయన చెవి దగ్గర పెట్టుకుని "బాగుంది" అన్నాడంటే కొనేవాళ్ళు మారుమాట్లాడరు. రెక్క మీద గుగ్గిలం చుక్క వేసి, సన్నటి గొంతును బొంగురు చేసి ఎక్కువ ధరకు అమ్మేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. "పుట్టు గొంతు చెడగొట్టే దొంగ వెధవలు!" అని ముప్పై ఏళ్ళుగా తిడుతూనే ఉన్నాడు.

అలాంటి మనిషి మొన్న పొద్దున్న, "లాన్‌యింగ్, ఈసారి వచ్చినవన్నీ మూగవే!" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. ఆయన చేతిలోని బుర్రలోంచి చెవులు చిల్లులు పడేలా కూత వస్తోంది! ఎగతాళా? పెంచినవాడి దగ్గర బేరం తగ్గించే ఎత్తా?

"పొద్దున్నే నేనే దొరికానా అన్నా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. మూత తీశాడు. "చూడు, రెక్కలు రుద్దుతూనే ఉంది. శబ్దమేదీ? సాయంత్రం టీ కొట్టులో పదిమంది దీన్ని వినడానికి కూర్చుంటారు. నా పరువేం కాను? నీ గుగ్గిలం ఇలా ఇవ్వు."

బీటలిచ్చిన బుర్రలు అతకడానికి నా దగ్గర గుగ్గిలం ఉంటుంది. గుగ్గిలమా? ఈయనా? ఆ అయోమయంలో తీసి ఇచ్చేశాను. నా నోరు అప్పుడే పడిపోవాలా!

రాగి సూదితో కరిగిన చుక్క రెక్క మీద వేశాడు. సన్నటి కూత కాస్తా బొంగురుపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది.

"విన్నావా? గొంతొచ్చింది!"

అప్పుడు తెలిసింది నాకు. చెప్పకుండా ఉండలేకపోయాను.

"అన్నా... అది ముందు నుంచీ పాడుతూనే ఉంది."

ఆయన నన్నే చూశాడు. మిగతా బుర్రలు ఒక్కొక్కటే చెవికి ఆనించుకున్నాడు.

"ఇది?"

"పాడుతోంది."

"మరి ఇది?"

"అదీ పాడుతోంది అన్నా."

పదో బుర్రకు నాకు ఏడుపొచ్చింది. ఆయన అడగడం మానేశాడు.

సాయంత్రం టీ కొట్టుకు వేరే బుర్ర పట్టుకుని, అది ఎలా పాడుతోందో తనకు చెప్పడానికి నన్నూ వెంట రమ్మన్నాడు. బయలుదేరుతుంటే ఒకాయన వచ్చి, కోటులోంచి వినబడుతున్న బొంగురు గొంతును బేరమాడాడు.

"అది చెడిపోయింది బాబూ, అమ్మేది కాదు," అన్నాడు దెషున్, కోటు గుండీ పెట్టుకుంటూ. "నాకు వినబడేది ఇదొక్కటే."