మబ్బు పట్టిన రోజు కజ్జలి

పదార్థాలు నీళ్లలో కరిగితేనో, మంట మీద కాగితేనో తప్ప కలవవని కాలేజీలో మా లెక్చరర్ అన్నప్పుడు నేను లేచి నిలబడ్డాను. ముత్తుకూరులో మా ఇంటి వసారాలో పాదరసం, గంధకం పొడిగానే కలుస్తాయని చెప్పాను. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పంతొమ్మిది వందల అరవైలలో నేనే బడిలో సైన్సు టీచరుగా చేరాక కూడా ఆ మంట చల్లారలేదు.

మా నాన్న ఆయుర్వేద వైద్యుడు. శుద్ధి చేసిన పాదరసాన్నీ గంధకాన్నీ కల్వం అనే రాతి దోనెలో వేసి రోజుల తరబడి నూరితే కజ్జలి అనే నల్లటి పొడి అవుతుంది. ఆయన మందుల్లో చాలావాటికి అదే మొదలు. నేను టీచరుగా ఉన్న రోజుల్లోనే ఒక ఏడు ఆయన కుడి భుజం పట్టేసి చెయ్యి లేవకుండా పోయింది. మనుబోలులో వైద్యం చేసే తన శిష్యుడికి కల్వం ఇచ్చేస్తానన్నాడు.

"నేను నూరతా," అన్నాను.

"ఇది పచ్చడి నూరడం కాదు మ్మే. నీ వల్ల కాదు."

"చూడు నాన్నా, అవుద్దో కాదో."

చివరికి ఒక మాట మీదికి వచ్చాం. దసరా సెలవుల్లో, శిష్యుడు వచ్చేలోగా కజ్జలి సరిగ్గా కుదిరితే కల్వం నాది. లేదంటే అతను పట్టుకుపోతాడు.

మొదటి రోజు పాదరసం నన్ను ఏడిపించింది. రాయి ఆనించగానే పూసలుగా విడిపోయి పక్కకు జారిపోయేది. ఊరికే తిప్పితే లాభం లేదనీ, ఒత్తిపట్టి నూరాలనీ మధ్యాహ్నానికి తెలిసొచ్చింది. ఆ ఒత్తిడికి పూస చితికి కంటికి ఆననంత సన్నమవుతుంది. గంధకం రేణువు పగిలి లోపలి కొత్త ముఖం బయటపడుతుంది. రెండూ అక్కడ అంటుకుంటాయి. మళ్లీ నూరితే పైపొర ఊడి మరో కొత్త ముఖం. నిప్పు చెయ్యాల్సిన పని నా భుజం చేస్తోంది. ఎన్నో ఏళ్ల తర్వాత, ఉక్కు గుండ్లు నింపిన డ్రమ్ములు తిప్పి ద్రావకం లేకుండానే రసాయన చర్యలు జరిపిస్తున్నారని చదివినప్పుడు లెక్చరర్ గారికి ఒక కార్డు ముక్క రాద్దామనిపించింది.

మూడో రోజుకు పొడి కాటుకలా నల్లబడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా కల్వం ముందునుంచి లేవలేదు. పాదరసం దగ్గర అంతసేపు కూర్చోవడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలుసు.

కజ్జలిని ఎండలో చూడాలి. ఒక్క మెరుపు కనిపించినా పాదరసం ఇంకా విడిగా ఉన్నట్టే, అది విషమే. కానీ నాలుగో రోజు పొద్దున సముద్రం మీదనుంచి మబ్బు కమ్ముకొచ్చింది. శిష్యుడు రానే వచ్చాడు. ఎండ లేకపోవడంతో వసారాలోనే నిలబడి పొడిని వేళ్ల మధ్య రుద్ది చూశాడు.

"బెమ్మాండంగా ఉందయ్యా. అక్క చేసినాదంటే నమ్మలేకున్నా."

నాన్న కూడా చూసి తల ఊపాడు.

గెలిచానని పొంగిపోయాను. నూరేటప్పుడు తీసిపెట్టిన బంగారు ఉంగరం తొడుక్కుని, పొడిని సీసాలోకి ఎత్తడం మొదలుపెట్టాను. కాసేపటికి చూస్తే ఉంగరం అంచు తెల్లబడి ఉంది. బంగారాన్ని అలా చేసేది విడి పాదరసమే.

ఉంగరం తీసి కొంగున ముడేసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, దాచను. వెంటనే సిగ్గేసింది. నా పంతం నెగ్గడానికి ఊళ్లోవాళ్ల కడుపుల్లోకి పాదరసం పంపాలా? వెళ్లి ఉంగరం నాన్న చేతిలో పెట్టాను.

"ఇంకా మెదగలా నాన్నా. ఓడిపోయినా."

శిష్యుడు కల్వం వైపు కదిలాడు. నేను అతనికంటే ముందెళ్లి, సీసాను కల్వంలో వంచేసి నూరడానికి కూర్చున్నాను. కల్వం పోతే పోనీ, మొదలుపెట్టిన మందును సగంలో వదిలే ఉద్దేశం నాకు లేదు.

నాన్న ఉంగరాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

"అబ్బయ్యా, కల్వం నీకియ్యను. నువ్వూ చూసినావు, నేనూ చూసినాను. ఇద్దరం బాగుందన్నాం. నా బిడ్డ నోరు తెరవకుంటే రేపు ఆ మందు మన చేతుల్తో మనమే జనానికి పెట్టుండేవాళ్లం."

నాకు కళ్లు మసకబారాయి. చెయ్యి మాత్రం ఆపలేదు. ఆ కజ్జలి కుదరడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.