సరోజక్క కర్ర పైకి విసిరితే...

మా చిన్నప్పుడు... పంద్రాగస్టు ఊరేగింపు హన్మకొండ చౌరస్తా మలుపు దగ్గరికి వస్తోందంటే నాకు ఒకటే భయం. మా ఆడపిల్లల బడి బ్యాండుకు ముందు నడిచేది సరోజక్క. తెల్ల గౌను, మెడలో విజిల్, చేతిలో ఇత్తడి బుడిపె ఉన్న కర్ర. వెనక తాళాలు కొట్టేది నేను.

సరిగ్గా మలుపులో అక్క ఆ కర్రను గిరగిరా తిప్పి పైకి విసిరేది... అమ్మో, కింద పడితే ఊరంతటి ముందు పరువు పోయినట్టే! అక్క మాత్రం తల ఎత్తేది కాదు. చేయి చాపితే కర్ర వచ్చి వాలేది.

వాళ్ళది మగ్గం ఇల్లు. బడి కర్ర ఇంటికి ఇవ్వరు కదా... మగ్గానికున్న వెదురు కర్ర లాగేసి పెరట్లో తిప్పేది. నూలంతా చిక్కుపడిందని వాళ్ళ నాయన తిట్ల దండకం అందుకునేవాడు.

తర్వాత సంబంధాలు చూడడం మొదలైంది. పొట్టి గౌనుతో రోడ్డు మీద కర్ర తిప్పిందని తెలిస్తే ఏమనుకుంటారోనని వాళ్ళమ్మ ఫోటోలన్నీ పొయ్యిలో పెట్టింది. మా ఇంట్లోనూ అంతే. ఇప్పుడు ఆ బడిలో బ్యాండే లేదు... ఊరేగింపంటే డీజే బండి. మేమూ ఇలా నడిచామని చూపిద్దామంటే ఒక్క ఫోటో లేదు.

మొన్న అక్క మణికట్టుకు ఆపరేషన్ చేయబోతున్నారని తెలిసింది. ఆ తర్వాత ఇక చేయి అలా తిరగకపోవచ్చని డాక్టర్ అన్నాడట. ఒక్కసారైనా వీడియో తీసుకుందామని వెంటనే అక్క ఉండే నర్సంపేటకు బస్సెక్కాను.

డాబా మీద అక్క కొంగు దోపుకుని, బూజు కర్ర సగం ముక్క అందుకుంది. మొదట వేళ్ళు తడబడ్డాయి... కాసేపటికి కుదిరింది. నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను.

"ఇసురుతున్న చెల్లె, జర దూరం జరుగు" అంది.

విసిరింది. ఆ నొప్పి చేత్తో ఎలా పట్టుకుంటుందోనని నా ప్రాణం ఆగలేదు... ఫోన్ సంగతే మరిచి నేనూ చేతులు చాపాను.

కర్ర అక్క చేతిలోనే పడింది. తల ఎత్తలేదు. మణికట్టు పట్టుకొని అక్కడే కూర్చుండిపోయింది.

"ఇగ నాతోని కాదు. వచ్చిందా?"

ఫోన్‌లో చూశాను. గచ్చు, నా కాళ్ళు... కర్ర అరచేతిలో పడిన చప్పుడు. అంతే.

"వచ్చిందక్కా" అన్నాను.

మీ అమ్మలు, అత్తలు ఎవరైనా బడి బ్యాండు ముందు కర్ర తిప్పుతూ నడిచారా? ఫోటో కాలిపోకుండా మిగిలితే కాస్త ఇక్కడ పెట్టండి... రేపే ఆపరేషన్. మనవరాలికి చూపించాలి, వీడియో పంపమని అక్క పొద్దుట్నించీ ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఎత్తడం లేదు.