ఒట్టి లింకు ఒప్పుకోని మా సార్

మా సార్ పోయిన కబురు ఒట్టి లింకుగా వచ్చింది. సూరత్‌లో ఉన్న మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, పొద్దున చాయ్ వేళకు, సార్ నంబరు నుంచి ఒక మ్యాపు లింకు పడింది. నొక్కి చూస్తే పర్వత్ పాటియాలో సార్ ఇల్లే. కింద ఒక్క మాట లేదు.

అది చావు కబురని ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం కూడా సారే. లింకు పెడితే దాని కింద రెండు మాటలు రాయాల్సిందేనని ఏళ్ళ తరబడి మా చెవుల్లో పోరిన మనిషి ఆయన. గ్రూపు ఆయన పెట్టిందే, రూలూ ఆయన పెట్టిందే. అలాంటి మనిషి ఒట్టి లింకు పెడితే జనం ఊరుకుంటారా?

ముందుగా మిస్త్రీ అందుకున్నాడు. మిస్త్రీ అంటే మగ్గాలు బాగుచేసేవాడు, సార్ దగ్గర నాతోపాటు చదువుకున్నవాడు. "సార్! ఒట్టి లింకా! రూలు మాకేనా, మీకు లేదా?" అని రాశాడు. ఆ వెంటనే, "మీ ఇల్లు మాకు తెల్వదా సార్? జర ఎందుకు రమ్మంటున్రో గది చెప్పుండ్రి. చాయ్ మీరు పోస్తరా, సమోసాలు మేం తేవాల్నా?" అన్నాడు. రింగ్ రోడ్‌లో చీరల దుకాణంలో పనిచేసే ఇంకొకాయన, "ఇయ్యాల సార్‌ను బెంచీ ఎక్కియ్యాలె" అన్నాడు. ఇక నవ్వు బొమ్మలే నవ్వు బొమ్మలు.

నేను అడాజన్‌లో మా వంటింట్లో నిలబడి ఇవన్నీ చూస్తున్నాను. సార్ తర్వాత ఆ గ్రూపుకు అడ్మిన్‌ను నేనే. నాకూ ఏదో ఒకటి అనాలనిపించింది, రాయడం మొదలుపెట్టి ఆగాను. ముందే ఏదో తెలిసి ఆగానని చెప్పను. ప్రతిదానికీ అనుమానపడటం నా గుణం. వేలు పొరపాటున తగిలిందేమో, ఫోను ఎవరి చేతిలోనన్నా పడిందేమో అనుకుంటూ సార్ నంబరుకు ఫోను చేశాను. ఎత్తింది అమ్మ. సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం.

"సార్ పోయిండు బిడ్డా," అంది. "నిద్రల్నే. పొద్దుగాల లేపితే లేవలె. నాకు ఫోన్ల గదొక్కటే నొక్కవస్తది. ఎవరన్న వస్తరని గదే పంపిన."

బజారులో దారి తప్పితే ఉన్నచోటు పంపమని సార్ ఆమెకు నేర్పారు. ఇంట్లో కూర్చుని ఆమె అదే పంపింది.

ఆ జోకుల కిందే నేను రాయాల్సి వచ్చింది. "సార్ ఈ పొద్దున నిద్రలో పోయారు. ఇంటి లింకు పంపింది అమ్మ." రెండో వాక్యం ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. రెండు మాటలు ఉండాలన్న అలవాటే అయి ఉంటుంది. నవ్వు బొమ్మలు టక్కున ఆగిపోయాయి. కాసేపటికి మిస్త్రీ గ్రూపు నుంచి వెళ్ళిపోయాడని నా ఫోను చూపించింది. అలా వెళ్ళినవాళ్ళ సంగతి అడ్మిన్‌కే తెలుస్తుంది.

సార్ ఇక్కడి తెలుగు బడిలో పాఠాలు చెప్పేవారు. కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన ఇళ్ళ పిల్లలం మేమంతా. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కొట్టులో గుజరాతీ. ఏ భాషలోనూ పూర్తిగా నిలబడలేక మాట సగంలో వదిలేసేవాళ్ళం. "వాక్యం దించు, దించి పో," అనేవారు సార్, నెత్తిన బరువు మోసుకొచ్చినవాళ్ళకు చెప్పినట్టు. రిటైరయ్యాక ఆ పనిని ఫోనులోకి తెచ్చుకున్నారు. అద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోనును చెయ్యి చాచినంత దూరాన పట్టుకుని, ఒక్క వేలితో కొడుతూ, ప్రతి అక్షరాన్నీ పైకి అంటూ రాసేవారు. పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ సందేశం గ్రూపు కంటే ముందే తెలిసిపోయేది.

రూలు ఎందుకు పెట్టారో ఆయన దాచుకోలేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఫోను చేసి చెప్పేవారు. ఒక ఎండాకాలం కాజీపేట వైపు స్పెషల్ రైలు ఉందన్న వార్త లింకు గ్రూపులో పడింది. కింద ఏమీ రాసి లేదు. నమ్మి ఒక కుటుంబం పిల్లలతో, సంచులతో, అన్నం మూటలతో స్టేషన్‌కు పోయింది. ఆ వార్త అంతకుముందు ఏడాదిది. పిల్లలు ప్లాట్‌ఫారం మీదే నిద్రపోయారు. "గా లింకు పెట్టినోన్ని నేనే," అనేవారు సార్. "పూరా చదవకుంటనే పెట్టిన. 'ఇది ఎప్పటిదో నాకు తెల్వది' అని ఒక్క ముక్క రాసినా వాళ్ళు పోకపోదురు." తర్వాత ఆయనే స్టేషన్‌కు వెళ్ళి వాళ్ళను ఇంటికి తీసుకొచ్చారట. అమ్మ అందరికీ వండిందట. ఆ పిల్లల తండ్రి ఒక్క మాటా అనకుండా తిన్నాడని, అదే తనకు మింగుడు పడలేదని సార్ అనేవారు.

అప్పటి నుంచి ఎవరన్నా ఒట్టి లింకు పెడితే సార్ ఫోను మోగేది. గ్రూపులో నలుగురి ముందు అనేవారు కాదు. "చదివినవా?" అన్నది మొదటి ప్రశ్న. చదివానంటే, "ఏమనిపిచ్చింది?" చదవలేదంటే, "మరి మాకెందుకు పంపినవ్, నీ పని మేం చెయ్యాల్నా?" ఆయన పెట్టే లింకుల కింద మాటలు ఇలా ఉండేవి: "పూర్తిగా చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం మన కరెంటు బిల్లు పెరుగుతుందని."

నాకు ఆ రూలు మీద నమ్మకం ఒక రోజు ఉండేది, ఒక రోజు ఉండేది కాదు. ఒక ఆదివారం వాళ్ళ బాల్కనీలో ఇదే వాదన పెట్టుకున్నాను. కింద సందులో గుడ్డ తానులు మోసే టెంపోలు హారన్లు కొడుతున్నాయి.

"ఒక్కోసారి నాకేమనిపించిందో నాకే తెల్వది సార్. తెల్వకనే పంపుత. ఎవరన్న చెప్తరని."

"గదే రాయి. 'నాకేమనిపిచ్చిందో నాకే తెల్వలె, మీరు చెప్పుండ్రి' అని రాయి. మంచి వాక్యం."

"రాయ చేతకానోళ్ళు ఏం జెయ్యాలె? బడి మధ్యల ఇడిసిపెట్టినోళ్ళు?"

"నోరున్నది గద. మాట్లాడి పంపమను."

మిస్త్రీ అలాగే మొదలుపెట్టాడు. ఎనిమిదిలోనే బడి మాని మగ్గాల్లోకి వెళ్ళినవాడు. కారీగర్లకు, అంటే మగ్గం పనివాళ్ళకు, కూలి పెరుగుతుందన్న వార్త లింకు పెట్టి, దాని కింద తన గొంతు రికార్డు చేసి పంపాడు. వింటే మగ్గాల మోత తప్ప ఒక్క ముక్క వినపడదు. సార్ జవాబు రాశారు: "నీ మగ్గం మంచిగ మాట్లాడింది. ఇప్పుడు నువ్వు బయటికి వచ్చి మాట్లాడు." గ్రూపంతా నవ్వింది, మిస్త్రీ కూడా నవ్వాడు. మెల్లగా రాయడం నేర్చుకున్నాడు. మొదట్లో వత్తులు ఉండేవి కావు, తర్వాత వచ్చాయి. చివరికి లింకు చదవడం మానేసి, మిస్త్రీ దాని కింద ఏం రాశాడో చదవడానికే గ్రూపు తెరిచేవాళ్ళు ఉండేవాళ్ళు. నేనూ వాళ్ళలో ఉన్నాను.

అందరూ అలా నేర్చుకోలేదు. "ఇదేమన్న బడా?" అని ఒకతను గ్రూపు వదిలేశాడు. ఇంకొందరు ఏదీ పెట్టడమే మానేశారు. "నోళ్ళు మూయిస్తున్నమేమో సార్," అంటే, "కావచ్చు," అన్నారు. చాయ్ గ్లాసు వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నారు. ఆయనకూ నాలాగే అనుమానం ఉండేదా, లేక నన్ను ఊరుకోబెట్టడానికి ఒప్పుకున్నారా? ఇప్పుడు ఎవరిని అడగాలి?

దహనానికి షిఫ్టు వదులుకుని మరీ వచ్చారు జనం. జుట్టులో దూది పోగులతోనే వచ్చినవాళ్ళు ఉన్నారు. మిస్త్రీ రాలేదు. అమ్మ ఆ గుంపులో కూడా అడిగింది, "వాడేడి?" అని. నేను తెలియదన్నాను.

తర్వాతి రోజులు నాకు కుదురు లేదు. ఆ జోకులు తీసేసే వీలు అడ్మిన్‌గా నా చేతిలోనే ఉంది. వాటిని ఎంచుకునేదాన్ని, వదిలేసేదాన్ని. కూర తరుగుతూ ఫోను తీసేదాన్ని, బస్సులో తీసేదాన్ని. "తీసెయ్యండి మేడమ్, అమ్మ చూస్తే బాగుండదు," అని కొందరు విడిగా రాశారు. నిజమే అనిపించేది. అంతలోనే, నవ్వినవాళ్ళ నవ్వును చెరిపేసి ఏమీ జరగనట్టు చెయ్యడానికి నేనెవరిని అనిపించేది. మిస్త్రీకి ఫోను చేస్తే ఎత్తలేదు. చివరికి ఒకసారి ఎత్తాడు.

"ఏం మొకం పెట్టుకోని రావాలె చెప్పు? పీనుగ ముంగట సమోసాలడిగినోన్ని. తియ్యవే వాటిని. ముందుగాల తియ్యి."

"నీకు తెల్వదు గద అప్పుడు."

"గందుకే ఎక్కువ సిగ్గయితాంది," అని పెట్టేశాడు.

ఏం చెయ్యాలో అమ్మనే అడుగుదామని వెళ్ళాను. హాల్లో చాప మీద బంధువులు ఒకరిద్దరు ఉన్నారు. అమ్మ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. చెప్పలేక చెప్పాను. ఆ పొద్దున గ్రూపులో కొందరు తెలియక జోకులు రాశారని, అవి తీసేద్దామనుకుంటున్నానని.

"ఎందుకు తీసుడు? నేను చదివిన గద అవన్ని."

చేతిలో ఫోను గట్టు మీద పెట్టేసి ఆమె వైపు తిరిగాను.

"లింకు పంపి సార్ పక్కన కూసున్న. ఫోను ఊకె మోగుతాంది. ఎవరో వస్తున్నమని రాసిన్రనుకోని చూస్తే గియ్యి. ముందుగాల కోపమొచ్చింది. మల్ల అనుకున్న, వీళ్ళకింక తెల్వదు. వీళ్ళ లెక్కల ఈయన ఇంక ఉన్నడు. గందుకని ఒక్కోటి సార్‌కు చదివి ఇనిపిచ్చిన. నీ ఫోను వచ్చేదాంక."

నా ఫోను వచ్చేదాకా. కాసేపు ఆగి చేసి ఉంటే ఎలా ఉండేదో అన్న ఆలోచన ఆ వంటింట్లో మొదలైంది, ఇంకా నన్ను వదల్లేదు.

"వాన్ని మల్ల చేర్పియ్యరాదు?" అంది అమ్మ.

"లింకు పంపుత అమ్మా. వాడే నొక్కి రావాలె."

"ఒట్టి లింకు పంపుతవా?" ఆమె కళ్ళు తుడుచుకుంది. నవ్వినట్టే ఉంది. "నేను చెప్త, రాయి. 'నువ్వు రాసింది సార్‌కు చదివి ఇనిపిచ్చిన. అందరిల నీదే మంచిగున్నది.' గంతే. నా పేరు మీద పంపు."

రాసి, లింకు దాని పైన పెట్టి, పంపాను. చూశాడని నీలం టిక్కులు పడ్డాయి, కానీ గ్రూపులోకి రాలేదు. మర్నాడూ రాలేదు. అమ్మ మాట కూడా పని చెయ్యలేదనుకున్నాను. మిస్త్రీ లాంటివాణ్ణి మాటలు రాయమని నేర్పి, చివరికి ఆ మాటలతోనే పోగొట్టుకున్నామేమో అనుకున్నాను.

నిన్న సాయంత్రం షిఫ్టులు మారే వేళకు అతను గ్రూపులో చేరాడు. జోకులు అలాగే ఉన్నాయి, తియ్యలేదు. చేరినట్టు అందరికీ కనిపించింది. ఎవరూ పలకరించలేదు, దండం బొమ్మ కూడా ఎవరూ పెట్టలేదు. పైన అతని పేరు పక్కన టైప్ చేస్తున్నట్టు అక్షరాలు వెలిగాయి. ఆరాయి. మళ్ళీ వెలిగాయి. స్టవ్ కట్టేసి నిలబడ్డాను. పర్వత్ పాటియాలో, రింగ్ రోడ్‌లో, ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళందరూ ఫోన్లు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడి ఉంటారు. ఒక్కరూ అడ్డం రాలేదు. అతను రాస్తున్నాడు, చెరుపుతున్నాడు, మళ్ళీ రాస్తున్నాడు.