బోదగడ్డి బీడు

గడ్డి కోసం తలలు పగలగొట్టుకుంటారా అని నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వడమాలపేట దగ్గర కొండవాలులో ఇంటికప్పుకు వాడే బోదగడ్డి పెరిగే మా బీడు నాయనకూ, ఆయన తమ్ముడికీ ఉమ్మడిది. పిడికిలెత్తు మొదళ్లు వదిలి కోయాలి, వానలకు వచ్చిన చిగురు ముదిరేదాకా గొర్రెలను తోలకూడదు అన్నది కట్టుబాటు. ఆ ఏడు చిన్నాయన లేత చిగురు మీదికే మందను తోలాడు. నాయన కర్రతో ఆయన తల పగలగొట్టాడు. రక్తం చూసినా కసి తీరలేదు. "వాని గొర్రెలకు పోచ కూడా మిగలనీను" అంటూ, మిగిలిన గడ్డినంతా కొడవలితో నేలకంటా గొరిగేశాడు.

మరుసటి వానలకు బీడులో ముళ్లకంపే మొలిచింది. నాయన మొహం మీదే అమ్మ అంది:

"నువ్వు కొట్టినోడు బతికినాడు. గడ్డే సచ్చింది."